సంసారమున్న చుక్క

మా అక్కకు బిడ్డ పుట్టినప్పుడు మా బావ ఇరవై ఏడు రోజులు ఆ బిడ్డ ముఖం చూడకూడదని పెద్దవాళ్ళు అన్నారు. ఆ ఇరవై ఏడు రోజులు మూడు నెలలు కాబోయాయి, అది కూడా నా నోటి వల్ల. నా నోరు ఎంత వేగమో మా వాడలో అడిగితే ఎవరైనా చెబుతారు. మూకుడులో పేలాలు పేలినట్టు మాట్లాడతానని మా అమ్మ తిట్టేది. చదవడం కూడా అంతే. కళ్ళు ఒక మాట మీద ఉండగానే నోరు దాని తర్వాతి మాటకు వెళ్ళిపోతుంది. టెన్త్ వరకు ఎలాగో నెట్టుకొచ్చాను గాని, ఇంటర్ మొదటి ఏడు ఇంగ్లీషు దగ్గర ఆగిపోయాను.

మాది బూర్గంపాడు దగ్గర చిన్న ఊరు. ఒకవైపు గోదారి, ఇంకోవైపు అడవి, మధ్యలో పొగాకు. మా ఇంటి వెనక గోడ, ఆ గోడ అవతల రెండు చేలు, ఆ చేల చివర పొగాకు బ్యారన్. పచ్చి ఆకును కర్రలకు కట్టి, లోపల వరసలు వరసలుగా వేలాడదీసి, కింద పొయ్యి పెట్టి ఐదారు రోజులు కాలుస్తారు. ఆ కాల్చే పని మా బావది. తలుపు తీస్తే వేడి పోయి ఆకు చెడిపోతుంది కాబట్టి తీయడు. గోడకు పలకంత అద్దం ఉంటుంది. అందులోంచి లోపల వేలాడదీసిన థర్మామీటర్ చూస్తాడు, ఆకు రంగు చూస్తాడు, వాసన చూస్తాడు. లోపల ఏ వరసలో ఏం జరుగుతుందో బయట నిలబడే చెప్పేస్తాడు.

బిడ్డ భద్రాచలం దవాఖానాలో పుట్టింది. ఆడపిల్ల. మా అక్క అత్తగారిని నేను కూడా అత్తమ్మ అనే పిలుస్తాను. నర్సు చెప్పిన టైము ఆమె చీటీ మీద రాయించుకొని తిన్నగా అయ్యగారి దగ్గరికి పోయింది. ఆయన పంచాంగం తీసి మూలా నక్షత్రం, మొదటి పాదం అన్నాడట. తండ్రికి మంచిది కాదు, మళ్ళీ మూల వచ్చే ఇరవై ఏడో రోజున శాంతి చేయించి, నూనెలో బిడ్డ నీడ చూసి, ఆ తర్వాతే చేతికి తీసుకోవాలని చెప్పాడట. అందుకని దవాఖానా మెట్ల దాకా వచ్చిన బావను మెట్ల దగ్గరే ఆపేశారు. తెచ్చిన బ్రెడ్డు ప్యాకెట్టు నా చేతికిచ్చి వెనక్కి తిరిగాడు.

బావ వాళ్ళ అమ్మ మాట దాటడు. అట్లాగని బిడ్డను తలుచుకోకుండా కూడా ఉండలేడు. అక్క, బిడ్డ మా ఇంటికి వచ్చాక రోజూ పొయ్యిలో కట్టెలు పెట్టి, చేలకు అడ్డంపడి మా వెనక గోడ దాకా వచ్చేవాడు. మాకు వీపు చూపించి, చేల వైపు తిరిగి నిలబడి మాట్లాడేవాడు. చూసినవాళ్ళకు గట్టుతో మాట్లాడుతున్నాడనిపించేది. ఏడుస్తుందా, పాలు తాగుతుందా, నెత్తిన జుట్టుందా, చెవులు ఎట్లా ఉన్నాయి అని అడిగేవాడు. నేనేమో ఒకటి అడిగితే పది చెప్పేదాన్ని. చెవులు మాత్రం చెప్పలేదు. అవి ఎట్లా ఉన్నాయో చూసినప్పుడే తెలుసుకో అని ఏడిపించేదాన్ని.

ఐదో రోజో ఆరో రోజో, వచ్చీరాగానే ఏమీ అడగకుండానే అన్నాడు.

"నిన్న పదకొండు, ఇయ్యాల పద్దెనిమిది. మీ అక్క పుల్లగ ఏమన్న తిన్నదా మరదలా?"

నేను దొరికిపోయాను. ఎందుకంటే ముందురోజు మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తున్నప్పుడు అక్కకు ఉప్పుకారం అద్దిన పిందె మామిడికాయ ముక్కలు తెచ్చిపెట్టింది నేనే. బాలింతకు పెట్టకూడదని నాకు తెలుసు. అక్క బతిమాలింది, పెట్టాను. పొద్దుటి నుంచి బిడ్డకు విరేచనాలు. కాని పద్దెనిమిది అంటే ఏమిటో అర్థం కాలేదు. అడిగితే తల తిప్పకుండానే చేత్తో మా దండెం వైపు చూపించాడు. దండెం మీద బిడ్డ గుడ్డలు ఆరేసి ఉన్నాయి. బ్యారన్ దగ్గర కూర్చుని ఆయన రోజూ వాటిని లెక్కపెడుతున్నాడు. ఎన్ని ఉతికామో చూసి కడుపు సంగతి, ఎప్పుడు ఆరేశామో చూసి నిద్ర సంగతి అంచనా కట్టుకుంటున్నాడు. ఈ పిల్ల రాత్రి మేలుకొని పగలు పడుకునే రకమని కూడా చెప్పాడు. నిజంగా అదే రకం. మా అమ్మ నవ్వి, ఆ రోజు నుంచి గుడ్డలు బ్యారన్ వైపు దండెం మీదే ఆరేయడం మొదలుపెట్టింది.

ఇట్లా పన్నెండు రోజులు బాగానే గడిచాయి. పదమూడో రోజు నేను గ్రేడింగుకు పోయాను.

గ్రేడింగంటే, కాల్చిన ఆకును రంగును బట్టి వేరుచేసే పని. నిమ్మపండు రంగు ఒక కుప్ప, బెల్లం రంగు ఒక కుప్ప, మచ్చలున్నది ఒక కుప్ప. షెడ్డులో పదిమంది ఆడవాళ్ళం వరసగా కూర్చుంటాం. యజమాని చదివి పారేసిన నిన్నటి పేపరు అక్కడ ఉంటుంది. పైకి చదవడం నా వంతు. చదివినంతసేపు నా చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి తలా ఒక పిడికెడు ఆకు తీసి నా కుప్పలో వేస్తారు. ఎవరూ చెప్పి పెట్టింది కాదు, అదొక అలవాటు. ఎవరు చచ్చిపోయారో ముందు చదవాలి, తర్వాత దొంగతనాలు, తర్వాత మిగిలినవి.

ఆ రోజు చావులు, దొంగతనాలు అయిపోయాక లోపలి పేజీలో మూలకు ఒక చిన్న వార్త ఉంది. దూర నక్షత్రానికి గ్రహం ఉందని, దాన్ని శాస్త్రవేత్తలు పట్టుకున్నారని హెడ్డింగు. నేను చదివింది మాత్రం "నక్షత్రానికి గ్రహం పట్టుకున్నది" అని. దూర అన్న మాట మింగేశాను. శాస్త్రవేత్తలను మింగేశాను. పట్టుకున్నారు కాస్తా పట్టుకున్నది అయింది.

షెడ్డులో చేతులు ఆగిపోయాయి. మా వరసలో పెద్దామె ఒకామె ఉండేది, అందరం పెద్దమ్మ అనేవాళ్ళం. ఏ నక్షత్రానికి బిడ్డా అని అడిగింది. నాకు తెలియదు. తెలియదని ఊరుకుంటే నేను నేనెట్లా అవుతాను. కింద నాలుగు వరసలు గబగబా చూసి, ఒక్కదానికి కాదు పెద్దమ్మా, ఇప్పటికి వందకు పైనే పట్టినాయట, ఇంకా పడుతున్నాయట అని చెప్పేశాను. ఆ తర్వాత యజమాని మనిషి వస్తే పేపరు పీట కింద పెట్టేశాను. ఇంటికి పోయేసరికి మరిచిపోయాను కూడా.

నేను మరిచిపోయాను గాని షెడ్డు మరిచిపోలేదు. తెల్లారేసరికి అత్తమ్మ ఆటో దిగింది. వాళ్ళ ఊరు మాకు రెండు మైళ్ళు. చెప్పులు విడవకుండా వాకిట్లోనే నిలబడి, పేపరు చదివింది నువ్వేనటగా అని అడిగింది. అవునన్నాను. నక్షత్రాలకు కొత్త గ్రహాలు పట్టిన మాట నిజమేనా అంది. పేపర్లో పడ్డది అత్తమ్మా అన్నాను. ఇంకా తెలివితక్కువగా, కొత్త సంగతి చెప్పినందుకు మెచ్చుకుంటుందేమో అనుకున్నాను.

ఆమె అరుగు మీద కూర్చుని మా అమ్మతో చెప్పింది. అయ్యగారు చేయించేది నవగ్రహాలకు శాంతి. నవగ్రహాలంటే తొమ్మిది. ఇప్పుడు కొత్తవి వచ్చి నక్షత్రాలను పట్టుకుంటున్నాయి, అందులో మూల ఉందో లేదో ఎవరికి తెలుసు. అయ్యగారిని అడిగితే నేనెప్పుడూ వినలేదమ్మా, విచారించి చెప్తానన్నాడట.

"తొమ్మిది మందికి ఇస్తరాకులేసి, పదో మనిషిని వాకిట్ల నిలబెడితే ఊకుంటడా వదినా? నాకు ఒక్కడే కొడుకు. పంట పనైపోయేదాక ఆగుదం. మూడు నెలలు ఎంతల పోతయ్."

ఒక్కడే కొడుకు అన్నాక ఎవరం ఏం మాట్లాడతాం. అక్క లోపలి గదిలోంచి అంతా విన్నది. ఏడవలేదు, కోపగించలేదు. బిడ్డను పొత్తిళ్ళతో సహా దగ్గరికి తీసుకొని గోడవైపు తిరిగి పడుకుంది. నేను పోయి పక్కన కూర్చుంటే కూడా తిరగలేదు.

ఆ సాయంత్రం బావ గోడ దగ్గరికి వచ్చాడు. ఎప్పటిలాగే చేల వైపు తిరిగి నిలబడ్డాడు. పాలు తాగిందా అని అడగలేదు, చెవుల మాట ఎత్తలేదు. నేను దండెం మీది గుడ్డలు తీస్తున్నాను.

"పొద్దుగూకేదాక తియ్యకు మరదలా," అన్నాడు. "నాకు గవే కదా కనపడేది."

తీసినవి మళ్ళీ ఆరేశాను. ఆరిపోయిన గుడ్డలే.

మర్నాడు షెడ్డుకు ముందుగా పోయి పీట కింద పేపరు వెతికి తీశాను. ఆ వార్తను ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదివాను. పట్టుకున్నారు అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. పట్టుకున్నది గ్రహం కాదు, మనుషులు. సగం అర్థమైంది, సగం కాలేదు. చించి జాకెట్లో పెట్టుకొని, పనికి సెలవు చెప్పి బూర్గంపాడు హైస్కూలుకు పోయాను. మాకు టెన్త్‌లో సైన్సు చెప్పిన సార్ ఇంకా అక్కడే ఉన్నాడు. ఆయన మధిర వైపు మనిషి, గొంతు మెత్తన.

జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పాను. నవ్వుతాడనుకుంటే నవ్వలేదు. పేపరు ముక్క చదివి, మనకు సూర్యుడు ఎట్లాగో అట్లాంటి సూర్యుళ్ళే ఆ నక్షత్రాలు, చాలా దూరాన ఉండబట్టి చుక్కల్లా కనబడతాయి అన్నాడు. సూర్యుడి చుట్టూ భూమి తిరిగినట్టు వాటి చుట్టూ కూడా గ్రహాలు తిరుగుతున్నాయని ఈ మధ్యనే కనిపెట్టారట. సౌర కుటుంబం పాఠం గుర్తుందా, ఇవి కూడా కుటుంబాలే, వేరే ఇళ్ళవి అన్నాడు.

అంత దూరాన ఉన్నవాటిని ఎట్లా చూశారు సార్ అన్నాను. చాలావాటిని ఎవరూ చూడలేదు, నక్షత్రం వెలుగులో అవి కనబడవు అన్నాడు. మరి? కిటికీ రెక్కలు మూసి, టార్చిలైటు వెలిగించి బెంచీ మీద పెట్టాడు. చాక్‌పీసు ముక్కను దారానికి కట్టి దాని ముందు నుంచి మెల్లగా పోనిచ్చాడు. ఎదురు గోడ మీది వెలుగు కొంచెం తగ్గి మళ్ళీ మామూలైంది. నక్షత్రం వెలుగు ఇంతకంటే చాలా తక్కువ తగ్గుతుంది, కంటికి ఆనదు, దానికి యంత్రాలున్నాయి అన్నాడు. ఇన్ని రోజులకు ఒకసారి, మళ్ళీ అన్నే రోజులకు ఇంకోసారి తగ్గిందంటే ఏదో చుట్టూ తిరుగుతున్నట్టు లెక్క. ఎంత తగ్గిందో చూసి ఎంత పెద్దదో, ఎన్ని రోజులకు తగ్గిందో చూసి దాని ఏడాది ఎంతో చెబుతారట. ఇంకో పద్ధతిలో, గ్రహం లాగుతుంటే నక్షత్రం కొద్దిగా అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊగడాన్ని కూడా కొలుస్తారట.

"అంటే గుడ్డలు లెక్కబెట్టినట్టా సార్?" అన్నాను.

సార్‌కు అర్థం కాలేదు. మా బావ సంగతి, దండెం సంగతి, పద్దెనిమిది గుడ్డల సంగతి, మామిడికాయ సంగతి కూడా చెప్పాను. అప్పుడు నవ్వాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకొని మళ్ళీ నవ్వాడు. అదేనమ్మా, సరిగ్గా అదే అన్నాడు.

నేను వెళ్ళిన పని మాత్రం కాలేదు. మూలా నక్షత్రానికి గ్రహం లేదని ఒక కాగితం మీద రాసి, స్కూలు స్టాంపు వేసి ఇమ్మన్నాను. మా అత్తమ్మకు చదువు రాదు గాని స్టాంపంటే గౌరవం. సార్ తల అడ్డంగా ఊపాడు. మూలంటే ఒకటి కాదు, వృశ్చికం తోక దగ్గర ఉండే కొన్ని నక్షత్రాల గుంపు, వాటికి గ్రహాలున్నాయో లేవో నాకు తెలియదు అన్నాడు.

"తెలియని దాని మీద సంతకం పెట్టమంటావేంటమ్మా? వెతుకుతున్నారు, ఇంకా దొరకలేదు. ఆ మాటే చెప్పు."

అత్తమ్మ వాళ్ళ ఊరికి పోతూ దారి పొడవునా ఆలోచించాను. మూలకు గ్రహం లేదు అత్తమ్మా, సార్ చెప్పిండు అనేస్తే ఒక్క మాటతో పనైపోతుంది. ఆమె నమ్ముతుంది కూడా. కాని ఒకసారి గబుక్కున అన్న మాటకే ఇంత పని జరిగింది. రెండోసారి నోటికి వచ్చింది అనడానికి భయమేసింది.

అత్తమ్మ వాళ్ళ కొట్టం కింద పచ్చి ఆకు కర్రలకు కడుతూ ఉంది. నేను కూడా పక్కన కూర్చుని ఒక కర్ర తీసుకున్నాను. ఆమె చేతులు పోయినంత వేగంగా నా చేతులు పోవు. ముందు నా తప్పు ఒప్పుకున్నాను. గ్రహం ఎవరినీ పట్టలేదు, వాళ్ళే గ్రహాన్ని పట్టుకున్నారు, చదవడంలో నేనే తప్పు చదివాను అన్నాను. ఆమె ఆకు కడుతూనే ఉంది. తర్వాత సార్ చెప్పిందంతా నాకు వచ్చినట్టు చెప్పాను. చుక్కలన్నీ సూర్యుళ్ళే, వాటికీ కుటుంబాలు ఉన్నాయి, ఏ ఇంటి పిల్లలు ఆ ఇంటి చుట్టే తిరుగుతారు, మన వాకిట్లోకి రారు అన్నాను.

అక్కడ ఆమె చేతులు ఆగాయి.

"అయితే మూలకు గూడ పిల్లలున్నరా?"

అదిగో, ఆ ప్రశ్నకే నేను భయపడుతూ వచ్చింది. ఉన్నారంటే అబద్ధం, లేరంటే అబద్ధం. కర్రను ఒళ్ళో పెట్టుకొని నిజమే చెప్పాను.

"తెల్వదు అత్తమ్మా. ఎతుకుతుండ్రు. ఇంకా దొరకలే."

ఆమె నా వైపు చూసింది. ఇప్పటిదాకా నేను చెప్పినవాటిలో ఆమెకు నమ్మబుద్ధి అయింది ఈ ఒక్క మాటేనని ఆ చూపులో తెలిసింది.

"దొరకకపోతే లేనట్టా? నాకు పెండ్లయినంక ఏడేండ్లకు గాని వీడు పుట్టలే. గొడ్రాలని ఊరంత అన్నరు. ఉండే ఉంటరు," అంది. మళ్ళీ ఆకు అందుకుంది. రెండు గుత్తులు కట్టింది, మూడోది కట్టింది. తనలో తను మాట్లాడుకుంటున్నట్టు మెల్లగా అంది. "పిల్లలున్నదంటే సంసారమున్నట్టే. నాకు ఈ ఒక్కనితోనే పక్కింట్ల ఏమైతుందో సూసే తీరిక ఉండకపోయేది. సంసారమున్న చుక్కకు నా కొడుకు మీద ఏం పని?"

సార్ చెప్పింది అది కాదు. కాని అందులో కాదనడానికి కూడా నాకేమీ దొరకలేదు.

లేచేటప్పుడు కొట్టం బయటిదాకా వచ్చి, ఇరవై ఏడో రోజు అనుకున్నది అనుకున్నట్టే చేద్దాం, మీ అమ్మకు చెప్పు అంది. శాంతి మాత్రం మానేది లేదంది. తొమ్మిదిమందినైనా పిలవకపోతే బాగుండదట. నేను ఆటో కోసం ఆగలేదు. రెండు మైళ్ళూ నడిచే వచ్చాను, మధ్యలో కొంత దూరం పరుగెత్తాను. అక్క పాలిస్తూ ఉంది. చెప్పగానే నవ్వి, నీ నోట్లో చక్కెర పొయ్య అంది. అమ్మ వెంటనే చక్కెర డబ్బా తెచ్చింది. మా ఇంట్లో మాటను మాటలా తీసుకునే అలవాటు లేదు.

ఇరవై ఏడో రోజు పొద్దున్నే మా వాకిట్లో అలికి ముగ్గు వేశారు. అయ్యగారు వచ్చాడు, తొమ్మిది రకాల ధాన్యం పోశాడు, చేయాల్సినవి చేశాడు. తర్వాత వెడల్పాటి కంచు గిన్నెలో నువ్వుల నూనె పోసి పీట మీద పెట్టారు. బావ దాని ముందు కూర్చున్నాడు. కొత్త పంచె మోకాళ్ళ దగ్గర బిగుసుకుపోయి ఉంది. అక్క బిడ్డను ఎత్తుకొని ఆయన వెనక నిలబడింది. నేను గిన్నెకు ఇటువైపు, చెయ్యి చాపితే అందేంత దగ్గర కూర్చున్నాను.

నూనెలో ముందు ఆకాశం వెలుగు మాత్రమే కనబడింది. అక్క బిడ్డను బావ భుజం మీదుగా కొంచెం ముందుకు వంచింది. ఆ వెలుగులోకి ఒక పక్కనుంచి నల్లగా గుండ్రంగా ఒక నీడ వచ్చింది. నాకు చాక్‌పీసు గుర్తొచ్చింది. ఇంకొంచెం వంచేసరికి నీడకు ముక్కు వచ్చింది, కళ్ళు వచ్చాయి. బావ ఊపిరి బిగపట్టి చూస్తున్నాడు, అద్దంలోంచి ఆకు రంగు చూసినట్టే.

"చెవులు నాయే," అన్నాడు.

అప్పుడే మా పిల్ల కాలు జాడించింది. పొత్తిగుడ్డ జారి నూనెలో పడింది. నీడ చెదిరిపోయి గిన్నెంతా అలలయింది. అయ్యగారు మంత్రం ఆపాడు. నూనె నిలకడగా అయ్యేదాకా ఆగాలా, ఇంతటితో సరిపోయిందా అని అందరూ అత్తమ్మ వైపు చూశారు. ఆమె కొడుకును చూసింది. మా బావ అప్పటికే వెనక్కి తిరిగిపోయాడు.

"సూసినవ్ గదా. ఇగ తీస్కో," అంది అత్తమ్మ.

చేతులు చాపాక గాని ఎట్లా పట్టుకోవాలో తెలియదని ఆయనకు గుర్తు రాలేదు. ఒక చెయ్యి తల కింద పెట్టు అని అక్క, మెడ జాగ్రత్త అని అమ్మ, భయపడకు అని నేను, ముగ్గురం ఒకేసారి చెప్పాం. బిడ్డ కళ్ళు మూసుకొనే ఉంది. పగలు కదా, పడుకునే వేళ.

ఆ పిల్ల ఇప్పుడు ఒకటో తరగతి. తండ్రి చెవులు, నా నోరు. నేను ఇప్పటికీ సీజనులో షెడ్డులో పేపరు చదువుతాను. ఆ పేపరు ముక్క నా ట్రంకు పెట్టె మూత లోపల అంటించి ఉంది. కొత్త గ్రహం దొరికిందని వార్త వచ్చినప్పుడల్లా ముందు మనసులో ఒకసారి చదువుకొని, తర్వాత పైకి చదువుతాను. ఇంకో చుక్కకు పిల్ల దొరికింది పెద్దమ్మా అంటాను. షెడ్డులో ఎవరూ చేతులు ఆపరు. అత్తమ్మకు కూడా చెబుతాను. ఆమె ప్రతిసారీ అడిగేది ఒక్కటే, మూలకేనా అని. ఇంకా కాదు అత్తమ్మా అంటే, తొందరేముంది, ఏడేండ్లన్నా ఆగనియ్యి అంటుంది.